కమాన్ కింద ముద్ద

అబ్బాస్ మిస్త్రీ ఎడమచేతి చూపుడు వేలు సగమే ఉంటుంది. మిగతా సగం కామారెడ్డి నిజాంసాగర్ చౌరస్తాలో, లతీఫ్ ఉస్తాద్ షెడ్డు మట్టిలో ఎక్కడో కలిసిపోయింది. డెబ్భై నాలుగు నాటి మాట. మిలిటరీ వాళ్లు వేలం వేసిన జీపు ఒకటి ఎత్తు పెంచడానికి షెడ్డుకు వచ్చింది. ఎత్తు పెంచాక అబ్బాస్ కింద పడుకుని, ముందు చక్రాలు రెండింటినీ కలిపే అడ్డకడ్డీకీ, దాని నెత్తి మీదుగా పోయే కమాన్ పట్టీలకూ, అంటే బండి బరువు మోసే స్ప్రింగు పట్టీలకూ, మధ్య సందు ఎంతుందో చూస్తున్నాడు. ఉస్తాద్ నేర్పిన కొలత ఒకటే. వేలు పట్టాలి. పట్టింది. సరిగ్గా అప్పుడే, జీపు కొనబోయే పెద్దమనుషులిద్దరు సీటు మెత్తగా ఉందో లేదో చూద్దామని పైకెక్కి కూర్చున్నారు. బరువుకు కమాన్లు దిగాయి. సందు మూసుకుంది.

అబ్బాస్ అరవలేదు. "దిగుండ్రి" అన్నాడు, మామూలు గొంతుతో. వాళ్లు దిగడానికి కొంత సేపు పట్టింది. సీటు బాగుంది మరి.

ఆ రోజు నుంచి అబ్బాస్ ఖాళీగా నిలబడ్డ బండి మాట నమ్మడం మానేశాడు. "ఖాళీ బండి అబద్ధమాడ్తది" అంటాడు. మనుషుల గురించి ఇంత గట్టిగా ఎప్పుడూ ఏమీ అనలేదు. అసలే మాటలు తక్కువ. ఉస్తాద్ పోయాక షెడ్డు అతని చేతికి వచ్చింది. స్టీరింగ్ పని తప్ప ఇంకో పని పట్టడు. ఇంజను బాగు చేయమని వస్తే పక్క షెడ్డు చూపిస్తాడు. బాన్సువాడ నుంచి, మెదక్ నుంచి కూడా వెతుక్కుంటూ వచ్చేవాళ్లు, ఎందుకంటే అతని చేతి నుంచి పోయిన బండి ఎక్కడా అడ్డం తిరిగిందని ఎవరూ వినలేదు.

దానికి కారణం ముద్ద.

వేలు పోయిన తర్వాత వేలి బదులు ఏం పెట్టాలా అని కొన్నాళ్లు తిరిగాడు. చెక్క పెడితే విరిగింది. మైనం ఎండకు కారింది. ఒక రోజు భార్య మజీదా జొన్నరొట్టె కొడుతుంటే పిండి ముద్ద మీద ఆమె వేళ్లు పడ్డ గుర్తులు చూస్తూ కూర్చున్నాడు. చూసి, ముద్ద ఒకటి ఎత్తుకుని షెడ్డుకు పోయాడు. పిండి ఎండి పగలకుండా ఆముదం కలిపాడు. ఇనుము ఎక్కడ తగిలిందో కనిపించడానికి ఫిట్టర్లు రాసే సిందూరం కలిపాడు. కుదుపులకు ఊడిపోకుండా నల్లదారంతో కడ్డీకి చుట్టాడు. కుడి పక్కన ఒకటి, ఎడమ పక్కన ఒకటి. బండి నిండా జనంతో రోడ్డు మీద తిరిగొచ్చాక ముద్ద ఎంత మందం మిగిలిందో, బరువు మీద సందు అంతే. ముద్ద చితికి ఇనుము కనిపించిందంటే, పట్టీలూ కడ్డీ ముద్దు పెట్టుకున్నాయని లెక్క.

ఇందులో ఒక షరతు ఉంది. డ్రైవరుకు చెప్పడు.

మజీదా ఒకసారి అడిగింది, చెప్తే ఏం పోయిందని. "చెప్తే గుంతలు తప్పించి తోల్తడు. పిల్లను చూడవోయిన ఇంట్ల కూసున్నట్టు కూసుంటడు స్టీరింగ్ ముందట. నాకు వాడు దినాం తోలినట్టే తోలాలె" అన్నాడు. బండి తిరిగి వచ్చినప్పుడు కిందికి దూరి చూసుకుని, ముద్ద తీసేసి, గుడ్డతో తుడిచేసేవాడు. పన్నెండేళ్లు ఎవరికీ తెలియలేదు.

ఎనభై ఆరు వానాకాలంలో సాయన్న వచ్చాడు.

సాయన్నది రాళ్లవాడ. ఎల్లారెడ్డి దాటాక అడవిలో, గుట్ట మీద ముప్పై ఇండ్లు. అక్కడి నుంచి రోడ్డెక్కాలంటే గుట్ట దిగాలి, దిగే దారిలో మొండిమలుపు అని ఒకటి తిరగాలి, కింద వాగు దాటాలి. మలుపుకు ఎడమన గుట్ట, కుడిన గాలి. వాగులో గుమ్మడికాయలంతేసి రాళ్లు. నాట్ల కాలంలో సాయన్న తన పాత జీపులో ఊరి ఆడవాళ్లను బీర్కూర్, నస్రుల్లాబాద్ వైపు కాలువ పొలాలకు దింపి వచ్చేవాడు. ఇరవై మందికి తక్కువ ఎక్కించుకున్న రోజు లేదు. అంత బరువుకు జీపు కడుపు రాళ్లకు రాసుకునేది. పోయిన ఏడాది వాగు మధ్యలో రాయి మీద కూర్చుండిపోయింది, నీళ్లు మోకాళ్లదాకా వచ్చేసరికి ఆడవాళ్లు ఒకరి చేయి ఒకరు పట్టుకుని బయటపడ్డారు. ఈసారి ఎత్తు పెంచాల్సిందే అన్నాడు సాయన్న.

జీపుకు పుట్టుకతో కమాన్లు ఇరుసు కింద ఉంటాయి. వాటిని విప్పి ఇరుసు మీదికి ఎక్కిస్తే బండి జానెడు పైకి లేస్తుంది. చూసేవాళ్లకు గుర్రం లేచి నిలబడ్డట్టు ఉంటుంది. కానీ అంతవరకు దూరంగా ఉన్న పట్టీలు ఇప్పుడు అడ్డకడ్డీ నెత్తి మీదికి వచ్చి కూర్చుంటాయి. బరువు పడితే వాటి వంపు సాగి కిందికి దిగుతాయి. పల్లంలో బ్రేకు తొక్కితే బరువంతా ముందుకు వచ్చి ఇంకా దిగుతాయి. దిగి కడ్డీని అదిమి పట్టాయంటే స్టీరింగ్ ఎటు తిప్పి ఉందో అటే ఉండిపోతుంది. దీనికి మందు ఉంది. ఇరుసుకూ కమానుకూ మధ్య ఇనుప దిమ్మ పెడితే పట్టీలు పైకి లేస్తాయి. అయితే దిమ్మ పలచనైతే లాభం లేదు, మందమైతే స్టీరింగ్ కడ్డీల వాటం చెడి బండి ప్రతి గుంతకూ తనంతట తానే పక్కకు లాగుతుంది. ఎంత మందమో ముద్ద చెప్పాలి.

శనివారం పొద్దుగూకే ముందు జీపు తయారైంది. ఖాళీ బండికి వేలెడు సందు ఉంది. అబ్బాస్ ముద్దలు రెండూ కట్టేసి, చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చాడు.

సాయన్న జీపు చుట్టూ రెండు సార్లు తిరిగాడు. "ఉస్తాద్, ఇగ దీన్ని వాగుల దింపితే చేపలు లేచి సలాం కొట్టాలె" అన్నాడు.

"వాగుల ఇప్పుడే దింపకు. ఈడ జనాన్ని నింపుకో, ఎల్లారెడ్డిల దింపు. ఆడికెల్లి ఖాళీగ ఇంటికి పో. సోమారం పొద్దుగాల నేనే వస్త. నేను చూసినంకనే మళ్ల బరువెయ్యి."

"చూసుడంత అయిపాయె గద. ఇంకేం చూస్తవ్?"

"చూస్త."

"దిష్టి తాకిందా లేదా అనా?" సాయన్న నవ్వాడు. "మా అవ్వ ఉన్నది ఉస్తాద్ దిష్టి తీసెతందుకు. నీ దాక రాదు."

అబ్బాస్ ముద్దల సంగతి చెప్పలేదు. ఎల్లారెడ్డి దాకా రోడ్డు చదును. అక్కడి నుంచి ఖాళీ బండి గుట్ట ఎక్కుతుంది, ఎక్కుడులో ముందు భాగం తేలిగ్గా ఉంటుంది. ప్రమాదం లేదు. ఆదివారం సాయన్న బండి తీయడు. సోమవారం తాను పోతాడు. అంతా లెక్క ప్రకారమే ఉంది. పద్దెనిమిది మందిని ఎక్కించుకుని జీపు లింగంపేట దారిన పోయింది.

ఆదివారం సాయంత్రం నమాజు చేసి వచ్చేసరికి షెడ్డు ముందు వెంకటి కూర్చుని ఉన్నాడు. వెంకటిది కూడా ఎల్లారెడ్డి దారిలో తిరిగే జీపే. ఆ మధ్యాహ్నమే ఎల్లారెడ్డి నుంచి వచ్చిన దాని క్లచ్చు పక్క షెడ్డులో విప్పి పడేసి ఉంది, మర్నాటికి గాని కదలదు. ఏమీ తోచక కబుర్లు చెప్పడానికి వచ్చాడు.

"సాయన్న జీపుకు బాణామతి జేసిండ్రంట, ఎర్కేనా?" అన్నాడు.

అబ్బాస్ షెడ్డు తలుపు తీయబోయి ఆగాడు.

"పొద్దుగాల కోళ్లన్ని జీపు కిందనే చేరినయంట. ఏందా అని వాళ్లవ్వ భూదవ్వ వంగి చూసింది. చక్రాల నడుమ ఎర్రటి ముద్దలు, ఇటొకటి అటొకటి. నూనె కారుతున్నదంట. మీద నల్లదారం చుట్లు చుట్లు. పొడిసిన కోడి ఒకటి మెడలేసి కూసున్నది, లేస్త లేదంట. ఊరంత వణికిపాయె."

"ముద్దలేం జేసిండ్రు?"

"అవతలి ఊరి మంత్రగాడు వచ్చి వేపమండతోని తీసి కుండల ఏసిండు. అమాసకు వాగుల కలపాలంట. జీపుకు కొబ్బరికాయ గొట్టి, నిమ్మకాయలు కట్టిండ్రు. ఇగ పీడ పోయినట్టే. రేపు పొద్దున్నే కూలోళ్లను ఏసుకొని బీర్కూర్ పోతడు. నిజాంసాగర్ కాలువకు నీళ్లు ఇడిసిండ్రు, రమ్మని కబురొచ్చింది. ఇరవై ముగ్గురు ఆడోళ్లు."

"నేను వచ్చేదాక బరువెయ్యొద్దన్న వానికి."

"నువ్వన్నవ్. నారు ఆగుతదా?" వెంకటి బీడీ ముట్టించాడు. "ఎవ్వలు జేసిండ్రో ఇంకా తెలుస్తలేదు. దొరుకుతరు తియ్యి, ఎవలో ఒకలు దొరుకుతరు. పోయినేడు మా దిక్కు ఒక ముసలామెను గిట్లనే పట్టుకొని పండ్లు రాలగొట్టిండ్రు." బస్సు వేళలు చెప్పినంత తాపీగా చెప్పాడు ఆ మాట.

ఆ పూటకు ఎల్లారెడ్డి ఆఖరి బస్సు వెళ్లిపోయింది. అబ్బాస్ ఇంటికి పోయి కూర్చున్నాడు. మజీదా అన్నం పెట్టి, అతను ముట్టకపోవడం చూసి, సంగతంతా రాబట్టింది.

"నీదని చెప్పకు" అంది చివరికి.

"చెప్పకుంటె బండి ఎట్ల ఆపుత?"

"ఏదన్న చెప్పు. బోల్టు మర్సిన, నట్టు బిగియ్యలే అను. ముద్ద మాత్రం నీది గాదు. నా పిండి గాదు. ఆ అడవిల, అంత మంది నడుమ, ఒక్కనివి పోయి నేను పెట్టిన అంటె ఎవలు ఇంటరు జీ?"

బోల్టు మరిచానంటే సాయన్న పానా తెచ్చి తానే బిగిస్తాడు, ఎక్కించుకుని పోతాడు. వాళ్ల దృష్టిలో పీడ ముద్దలో ఉంది, ముద్ద పోయింది కాబట్టి బండి కడిగిన ముత్యంలా ఉంది. నిజానికి ఆ బండిలో ఉన్న పీడ గురించి చెప్పగలిగింది ఆ ముద్ద ఒక్కటే. దాన్నే తీసి కుండలో వేశారు.

సోమవారం తొలి బస్సు ఎక్కాడు. ఎల్లారెడ్డి దాటాక వాగు దగ్గర కండక్టరును బతిమాలి దిగాడు. సన్నగా ముసురు పడుతోంది. వాగు ఎర్రగా, బరువుగా పోతోంది, చప్పుడు తక్కువ. రాళ్ల మీద అడుగులేసుకుంటూ దాటి గుట్ట ఎక్కడం మొదలుపెట్టాడు. ప్రతి పది అడుగులకూ ఆగి విన్నాడు. పై నుంచి ఇంజను చప్పుడు వస్తే ఏం చేయాలో అతనికి తెలియదు. దారికి అడ్డం నిలబడితే సాయన్న బ్రేకు తొక్కుతాడు. బ్రేకు తొక్కితేనే అసలు ప్రమాదం.

మొండిమలుపు దగ్గర కాసేపు నిలబడ్డాడు. కింది నుంచి వచ్చేవాడికి అది మామూలు వంపులాగే కనిపిస్తుంది. వెనక్కి తిరిగి, పై నుంచి దిగేవాడిలా చూశాడు. ఎడమకు పూర్తిగా తిప్పాలి, తిప్పిన వెంటనే కుడికి మళ్లించుకోవాలి. మళ్లించుకోకపోతే గుట్టకు కొట్టుకుంటుంది, గుట్టకు కొట్టుకున్న జీపు కుడికి దొర్లుతుంది. కుడిన మోదుగు చెట్ల తలలు మాత్రమే కనిపిస్తున్నాయి. వాటి అడుగున ఎక్కడో వాగు. ఒక తెల్ల కొంగ ఆ చెట్ల మీది నుంచి లేచి పోయింది. అబ్బాస్ నడక పరుగైంది.

ఊళ్లోకి వచ్చేసరికి జీపు నిండి ఉంది. వెనక ఆడవాళ్లు ఒకరి ఒళ్లో ఒకరు, సద్ది మూటలు ఒడిలో పెట్టుకుని ఇరుక్కుని ఉన్నారు. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టారు. ఇంజను ఆడుతోంది. సాయన్న బావమరిది బాలయ్య ముందు కొబ్బరికాయ కొట్టి ముక్కలు ఏరుతున్నాడు. కూలోళ్ల ముఠాకు పెద్ద సాయన్న తల్లి భూదవ్వే. ముందు సీటు ఎక్కడానికి ఒక కాలు పైన పెట్టి ఉంది.

అబ్బాస్ రొప్పుతూ బానెట్టు మీద చేయి వేశాడు. "దించు జనాన్ని" అన్నాడు.

"ఏంది ఉస్తాద్, గింత పొద్దుగాల?" సాయన్న ఆశ్చర్యపోయాడు. "ఏం దించుడు? ముందుగాల నీకు చెప్పాలె, మన బండికి ఏమైందంటె..."

"విన్న. ఆ ముద్దలు యాడున్నయి? ఒక్కసారి చూడాలె."

బాలయ్య లేచి నిలబడ్డాడు. "అవి నీకెందుకు?"

"చూడాలె."

పాకలో ఒక మూల, మూకుడు మూసిన కుండ ఉంది. ఎవరూ దాని దగ్గరికి పోలేదు. అబ్బాస్ పోయి, మూకుడు తీసి, రెండు ముద్దలూ చేతిలోకి తీసుకున్నాడు. జీపులో నుంచి ఎవరో "వామ్మో, చేత్తోనే పట్టె" అన్నారు. కుడి పక్కది అర వేలు మందం మిగిలింది. ఎడమ పక్కది అప్పడమైంది. మధ్యలో అర్ధణా బిళ్లంత బొక్క పడింది. బొక్క అంచున సిందూరం నలిగి నల్లబడి ఉంది. చదును రోడ్డు మీద, పద్దెనిమిది మందితో. అబ్బాస్ దాన్ని వెలుతురుకు పట్టి, బొక్కలోంచి జీపును చూశాడు. ఇప్పుడు ఇరవై ముగ్గురు, పల్లం, మలుపు.

"ఇవి పెట్టింది నేనే" అన్నాడు.

ఇంజను ఒక్కటే మాట్లాడుతోంది. సాయన్న చేయి పోయి దాన్ని ఆర్పేసింది.

బాలయ్య కొట్టిన దెబ్బకు అబ్బాస్ పాక గుంజకు తగిలి నిలబడ్డాడు. పెదవి చిట్లింది. రెండో దెబ్బకు బాలయ్య చేయి ఎత్తాడు, ఇంకా ఇద్దరు మగవాళ్లు ముందుకు వచ్చారు, ఒకడి చేతిలో కొబ్బరికాయ కొట్టిన కొడవలి ఉంది. అబ్బాస్ చేతుల్లో ముద్దలు అలాగే ఉన్నాయి. వాటిని కింద పడనీయలేదు.

"ఆగు" అంది భూదవ్వ. కాలు జీపు మీది నుంచి దించి దగ్గరికి వచ్చింది. అరవై ఏళ్ల మనిషి, బీడీలు చుట్టి చుట్టి వేళ్లు పొగాకు రంగుకు తిరిగాయి. "నా కొడుకు బండి కింద సిందూరం బెట్టి, నూనె బోసి, నల్లదారం గట్టి, ఎవ్వలికి చెప్పకుంట పెట్టినవ్. మా కోడి సావబట్టె. ఎందుకు పెట్టినవో చెప్పు. అబద్ధమాడితె వీళ్లను నేను ఆప."

అబ్బాస్ ఎడమచేయి ఎత్తి సగం వేలు చూపించాడు. "దీని బదులు పెట్టిన, అవ్వా."

అని సందు సంగతి, కమాన్ల సంగతి, మలుపు సంగతి చెప్పాడు. అంతసేపు మాట్లాడటం అతనికి అలవాటు లేదు, మధ్యలో రెండు సార్లు నెత్తురు ఉమ్మాడు. సాయన్న స్టీరింగ్ పట్టుకుని వింటున్నాడు. "నిన్న కొట్టం దగ్గర తిప్పిన గద, మంచిగనే తిరిగె" అన్నాడు.

"నిన్న బండిల ఎవలున్నరు?"

సాయన్న తల తిప్పి వెనక కూర్చున్న ఆడవాళ్లను చూశాడు.

"ఇప్పుడు ఎక్కి ఉన్నరు. ఇట్లనే ఉండనియ్యి. ఇంకో ముద్ద పెడ్త, అందరి ముందట..."

"ముద్ద మాటెత్తినవంటె ఈడనే పాతిపెడ్త" అన్నాడు బాలయ్య. "బండి మీద చెయ్యి ఏస్తె చెయ్యి నరుకుత. వీని మాటలకు బండి ఎందుకు ఆగాలె బావా? మంత్రం తీసేసినం, పని అయిపోయింది. ఇగ పోనియ్యి."

అబ్బాస్ రెండడుగులు వెనక్కి వేసి, చేతులు వెనక కట్టుకున్నాడు. "నేను ముట్ట. అవ్వా, నువ్వే పెట్టు. నీ ఇంట్లది, నీ చేతిది, ఏదన్న సరే. పుల్ల పెట్టు. ఆకు పెట్టు."

భూదవ్వ బాలయ్యను పక్కకు జరిపింది. తర్వాత నడుముకు దోపిన సంచిలోంచి బీడీ ఒకటి తీసింది. ముందు రోజు తాను చుట్టిందే. దాన్ని అందరికీ కనిపించేలా పట్టుకుని, చీర చెంగు బిగించుకుని, బురదలో వెల్లకిలా పడుకుని జీపు కిందికి జరిగింది.

"ఎక్కడ?"

దూరం నుంచే, వంగి, సగం వేలితో చూపించాడు అబ్బాస్. "ఎడమ దిక్కు. కడ్డీ మీద, పట్టీల కింద. ఆడ."

"ఈడ సందున్నది. కని సన్నగున్నది. బీడీ పట్టింది."

"ఇగ బయటికి రా అవ్వా. మొత్తం బయటికి రా. కాళ్లు గుడ."

వచ్చింది. బురద దులుపుకోలేదు. జీపు ముక్కు పల్లం వైపే ఉంది. "సాయన్నా" అన్నాడు అబ్బాస్, "బండి సాల్ జెయ్యి. మూరెడు ముందుకు ఇడువు, బ్రేకు తొక్కు. తొక్కి ఎడమకు మొత్తం తిప్పు."

సాయన్న ఇంజను లేపాడు. జీపు మూరెడు కదిలి ఆగింది. లోపలి ఆడవాళ్లు ముందుకు తూలి మళ్లీ సర్దుకున్నారు. చక్రాలు ఎడమకు తిరిగాయి. పెద్ద చప్పుడేమీ రాలేదు. అన్నంలో రాయి పంటి కింద పడ్డట్టు ఒక్కసారి, అంతే.

"ఇప్పుడు కుడికి తిప్పు."

సాయన్న తిప్పాడు. తిరగలేదు. రెండు చేతులతో లాగాడు. సీట్లోంచి లేచి, కాలు తన్ని పెట్టి, మెడ నరాలు ఉబ్బేదాకా గుంజాడు. స్టీరింగ్ గోడలో పాతినట్టు ఉంది. వెనక గుసగుసలాడుతున్న ఆడవాళ్లు ఒకరి తర్వాత ఒకరు మాటలు ఆపేశారు. చక్రాలు రెండూ ఎడమకు చూస్తున్నాయి. వాళ్లందరికీ ఆ దారి తెలుసు. ఎడమకు తిరిగి, వెంటనే కుడికి తిరగాల్సిన చోటు ఏదో ఎవరూ ఎవరికీ చెప్పనక్కర లేదు.

సాయన్న ఇంకోసారి గుంజి చూశాడు.

"దిగుండ్రి" అంది భూదవ్వ, మామూలు గొంతుతో.

దిగారు. బండి లేచింది. దానంతటదే ఏదో వదిలినట్టు స్టీరింగ్ చేతుల్లోకి వచ్చింది. భూదవ్వ మళ్లీ కిందికి పోయి బీడీ తెచ్చింది. తునికాకు కాగితమంత పలచనై, దారం తెగి, పొగాకు రాలిపోతోంది. ఆమె దాన్ని బాలయ్య చేతిలో పెట్టింది. బాలయ్య చూసి, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక అలాగే పట్టుకుని నిలబడ్డాడు.

ఆ రోజు ఇరవై ముగ్గురూ గుట్ట నడిచి దిగారు. మొండిమలుపు దగ్గర ఎవరూ కుడి పక్కకు చూడలేదు. రోడ్డు మీద ఏదో లారీ ఎక్కి బీర్కూర్ చేరేసరికి సగం పొద్దు పోయింది.

మర్నాడు ఖాళీ జీపు కామారెడ్డి వచ్చింది. అబ్బాస్ ముద్దలు చూసిన లెక్క ప్రకారమే దిమ్మలు కోయించాడు. కుడికి బొటనవేలు మందం, ఎడమకు ఇంకొంచెం ఎక్కువ. తర్వాత తొమ్మిదేళ్లు ఆ జీపు ఆ గుట్ట దిగింది, ఎక్కింది.

కథ ఇక్కడ అయిపోతే బాగుండేది. మూడో రోజుకు కోడి చచ్చింది. సిందూరం తింటే కోడే కాదు, ఏదైనా చస్తుందని మజీదా అంది. రాళ్లవాడలో మాత్రం లెక్క వేరుగా పడింది. మలుపులో జనం మీదికి రావాల్సిన కీడు కోడి మీదికి పోయిందన్నారు. అంటే కీడు వచ్చింది కదా, పెట్టింది అతనే కదా. మాట ఎల్లారెడ్డి దిగింది, బస్సులెక్కింది. కామారెడ్డికి వచ్చేసరికి అబ్బాస్ పేరు "ముద్ద మిస్త్రీ" అయింది. మెదక్ వాళ్లు రావడం మానేశారు. వచ్చిన వాళ్లు బండి అప్పగించి పోకుండా పక్కనే నిలబడి, అతని చేతులు ఎటు పోతే అటు చూసేవారు. సాయన్న బండి షెడ్డు నుంచి ఇంటికి వచ్చిన ప్రతిసారీ భూదవ్వ వంగి కింద చూసేదట. అతన్ని నమ్మక కాదు, అలవాటైందని ఒకసారి అబ్బాస్‌తోనే చెప్పింది. చెప్పేటప్పుడు అతని కళ్లలోకి చూడలేదు.

ఇక చెప్పకుండా పెట్టనని మజీదా ఒట్టు వేయించుకుంది. అప్పటి నుంచి ముద్ద పెట్టే ముందు డ్రైవరును పిలిచి, కూర్చోబెట్టి, చూపించి పెడుతున్నాడు. సిందూరం మానేశాడు, దారం తెల్లది. డ్రైవర్లు తల ఊపుతారు, పోతారు, వస్తారు. వచ్చిన ముద్దలు పెట్టినవి పెట్టినట్టే ఉంటాయి.

తొంభై మూడులో నస్రుల్లాబాద్ నుంచి వచ్చిన జీపు ఒకటి అలాగే తిరిగి వచ్చింది. ఎత్తు పెంచి ఇచ్చిన బండి. డ్రైవరు ముప్పై ఏళ్లవాడు, హుషారు మనిషి. దిగీ దిగకముందే, "చూస్కో ఉస్తాద్, నీ ముద్ద చెక్కు చెదరలే" అన్నాడు.

అబ్బాస్ కిందికి దూరి చూశాడు. నిజమే. వేలి ముద్రలు కూడా చెరగలేదు.

"ఎంత మందిని ఎక్కించినవ్?"

"ఇరవై."

"గుంతల ఏసినవా?"

"ఏసిన ఉస్తాద్. ఏస్తే గద తెలిసేది."

"పల్లంల బ్రేకు తొక్కినవా?"

"అన్ని తొక్కిన. ఇగ దిమ్మలు గిమ్మలు అక్కర్లే, బండి ఖడక్ ఉన్నది. ఇయ్యాల ఊర్ల పోవాలె, జనం చూస్తున్నరు."

అబ్బాస్ అతని మొహంలోకి చూశాడు. అబద్ధమాడే మొహం కాదు. గుంత కనిపించినప్పుడు తన కాలు తనకు తెలియకుండానే మెత్తబడిందని తెలియని మొహం. కొలత లేకుండా దిమ్మ పెడితే బండి పక్కకు లాగుతుంది. పెట్టకపోతే? చేతిలో ముద్దను అటూ ఇటూ తిప్పాడు. దాని దగ్గర చెప్పడానికి ఏమీ లేదు.

"రెండు దినాలు ఉంచు" అన్నాడు.

"ఎందుకు? ముద్ద మంచిగనే ఉన్నది గద. నువ్వే జెప్తివి, ముద్ద ఉంటె సందున్నట్టని." డ్రైవరు నవ్వుతూ బండెక్కాడు. "సాలు ఉస్తాద్. పోతున్న."

జీపు చౌరస్తా తిరిగింది. తిరిగేటప్పుడు ఎడమకు పూర్తిగా తిరిగి, కుడికి తేలిగ్గా వచ్చింది. ఖాళీ బండి. అబ్బాస్ షెడ్డు ముందు నిలబడి ఇంజను చప్పుడు వింటున్నాడు. లోపల నుంచి మజీదా తినడానికి రమ్మంది. వస్తున్నానన్నట్టు సగం వేలున్న చేయి ఎత్తాడు గాని కదలలేదు. చప్పుడు సన్నబడి, ఇంకా సన్నబడి, వినిపిస్తోందో లేదో తెలియనంత సన్నబడేదాకా అలాగే నిలబడి ఉన్నాడు.